ఆ సౌండు సంగతి

"ఇంజను పోయింది మాస్టారూ," అన్నాడు షఫీక్, బానెట్‌లోంచి తల బయటికి తీస్తూ.

చిలకలూరిపేటలో లారీలకు బాడీలు కట్టే షెడ్ల వరసలో చివరి షెడ్డు అతనిది. పక్క షెడ్డులో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. వినపడనట్టు మళ్ళీ అడిగాను.

"పోయిందండీ. బ్లాకు పగిలింది. నీళ్ళెళ్ళి ఆయిల్లో కలుస్తున్నాయి. చూడండి, టీ రంగులో ఉంది." వేలికంటిన నూనె చూపించాడు. "ఇంక ఏ డాక్టరుకి చూపించినా ఇంతే."

ఎంత తేలిగ్గా అన్నాడో. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. కరెంటు ఆగిపోతే పోయిందంటాం. బస్సు వెళ్ళిపోతే పోయిందంటాం. పోయినది తిరిగి వస్తుందో రాదో ఆ మాట చెప్పదు. కార్తీకం నుంచి నేను నోట పలకకుండా తప్పించుకుంటున్న మాటల్లో అదొకటి.

కారు మా మేనమామది. ఆయన పేటలో ఒక పత్తి జిన్నింగు మిల్లుకి మేనేజరుగా ఉండేవాడు. మిల్లు మూసేశాక యజమాని తన పాత అంబాసిడరును ఆయనకిచ్చాడు. పందొమ్మిదివందల అరవై నాటి బండి. మామయ్య తరువాత దాన్ని ఆయన కూతురు శ్రీదుర్గ నడిపింది. మాది మేనరికం, దుర్గ నా భార్య. పేట పోస్టాఫీసులో పనిచేసేది. మార్టూరు నుంచి రోజూ ఆ కారులోనే వెళ్ళి వచ్చేది. గ్రానైటు లారీల మధ్య ఆ బండి పోతుంటే క్లీనర్లు తలలు బయటపెట్టి చూసేవారు. ఆమె వాళ్ళకి చెయ్యి ఊపేది.

డబ్బాలో శనగలు పోసి మెల్లగా ఊపినట్టుండేది దాని చప్పుడు. సాయంత్రం మా వీధి మలుపు తిరగగానే ఇంట్లోకి వినిపించేది. రాళ్ళు పాలిషు పట్టే యూనిట్ల రొదలో నాకు వినపడేది కాదు గానీ మా అత్తయ్య బాలసరస్వతి పట్టుకునేది. చేతిలో పని వదిలేసి గేటు దగ్గరికి వెళ్ళేది. మా గేటు పడమటి ఎండకు కాలుతుంది. అందుకని చెంగు చేతికి చుట్టుకుని గడియ తీసేది. దుర్గ ఏనాడూ కారు దిగి గేటు తీసుకోలేదు. తీసుకోబోతే అత్తయ్య ఊరుకునేది కాదు.

కార్తీకంలో ఒక ఉదయం దుర్గకి మెదడులో నరం చిట్లింది. గుంటూరు చేరేలోపే అంతా అయిపోయింది.

అత్తయ్య అన్నీ చూసింది. అందరితోపాటు ఏడ్చింది. ఆ తరువాత ఆమె జ్ఞాపకం అక్కడక్కడా చినగడం మొదలైంది. మామూలు వేళల్లో బాగానే ఉంటుంది. పక్కింటి నసీమున్నీసా పగలు వచ్చి తోడుంటుంది. ఇద్దరూ చింతపండు ఒలుస్తారు, సీరియళ్ళలో కోడళ్ళని తిడతారు. కానీ కారు చప్పుడు వింటే చాలు, అత్తయ్య లేచి గేటు దగ్గరికి వచ్చేస్తుంది. బ్యాటరీ దిగిపోకుండా నేను వారానికోసారి కారు తీసి ఊరి చివరిదాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. వచ్చేసరికి గేటు తీసి ఉండేది.

"ఏరా మూర్తీ, ఒక్కడివే వచ్చావు? దుర్గేదీ?"

"లేదత్తయ్యా."

"ఇంకా పని తెమల్లేదా? ఎప్పుడొస్తుందిట?"

లేదు అన్నది అబద్ధం కాదు. అంతకంటే నిజమైన మాట నా దగ్గర లేదు. అయితే ఆమె కూతురు ఇంకా పోస్టాఫీసులో కూర్చుని ఉండటానికి ఆ మాటలో చోటుంది. నేను లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి. ఆమె వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది.

"చెప్పెయ్యండి మాస్టారూ," అంది ఒకరోజు నసీమున్నీసా, గిన్నెలు సర్దుతూ. "మీరట్టా లేదు లేదంటే ఆమె పొద్దుగూకేదాకా బయటే కూచుంటది. నేను చెబితే నమ్మదు. నీకేం తెలుసే, సీరియలు చూసి చూసి నీకు అందరూ చచ్చినట్టే కనపడతారు అంటది."

"చెబుతాను," అన్నాను.

చెప్పలేదు. మాట నాకు తెలుసు. పదో తరగతి పిల్లలకి దాన్ని ఎన్నో వాక్యాల్లో రాయించాను.

ఇదివరకు దుర్గ తీసుకెళ్ళినట్టే, ఫిబ్రవరిలో అత్తయ్యని గుండె డాక్టరుకి చూపించడానికి గుంటూరు తీసుకెళ్ళాను. ఆమె వేరే కారెక్కదు. కొత్త కార్లు నేలకి దగ్గరగా ఉంటాయి, ఆమె మోకాళ్ళు వంగవు. అద్దాలు మూసి ఏసీ వేస్తే వాంతి. వెనక సీట్లో కూర్చుంది. ముందు సీట్లో నేను మందుల సంచి పెట్టబోతే ఒప్పుకోలేదు.

"అక్కడ పెట్టకు. పేటలో దుర్గ ఎక్కుతుంది."

సంచి వెనక్కిచ్చాను. పేట దాటేటప్పుడు ఆమె ఏదో ఆలోచనలో ఉండి పోస్టాఫీసు సంగతి ఎత్తలేదు. ఎడ్లపాడు దాటాక గేరు మార్చడం ఆలస్యం చేశాను.

"అంతసేపు తొక్కకురా. దుర్గయితే ఇక్కడ గేరు మారుస్తుంది," అంది వెనకనుంచి. ఆమెకి డ్రైవింగు రాదు. చప్పుడు తెలుసు.

గుంటూరు ఇంకా కొంత దూరం ఉందనగా కోల్డ్ స్టోరేజీల దగ్గర బండి ఆగిపోయింది. మిర్చి టిక్కీల బస్తాలతో ట్రాక్టర్లు దారి పొడవునా నిలబడి ఉన్నాయి. ఘాటుకి ఇద్దరికీ దగ్గొచ్చింది. ఎండలో, ఆ దగ్గులో, తూలిపోతున్న మనిషిని రోడ్డు పక్కన టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి విసురుతూ ఉన్నాను. డాక్టరు వెళ్ళిపోయే వేళ అయింది. సాయంత్రం షఫీక్ లారీ పంపి బండిని లాగించుకుపోయాడు. మేము ఆటోలో, వాంతి వస్తుందేమోనని ఆమె చేతిలో కవరుతో, ఇల్లు చేరాం.

ఆ మర్నాడే షఫీక్ ఇంజను పోయిందన్నాడు.

"ఇంకొక పాత ఇంజను దొరకదా?" అని అడిగాను.

"దొరికిద్దండీ, ఇదే రోగంతో. మీరు అమ్మగారిని నెలకోసారి గుంటూరు తిప్పాలంటున్నారు. నా మాట వినండి. కొత్త రకం ఇంజను వేద్దాం. గుద్దుకున్న బండిది ఒకటుంది నాకాడ, ఎక్కువ తిరగలేదు. గేరుబాక్సుతో సహా దించుదాం. బాడీ జోలికి పోను. బయటినుంచి చూస్తే మీ బండి మీ బండే. తాళం తిప్పితే చాలు. ఆర్టీవో ఆఫీసు కాయితాలు నేను చేయిస్తా."

కొత్త ఇంజను అంటే చప్పుడు కూడా కొత్తదే. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. కారు మలుపు తిరుగుతుంది, ఇంట్లో అత్తయ్యకి అది ఎవరి కారో తెలియదు. ఆమె లేవదు, గేటు దగ్గరికి రాదు, అడగదు. అడగకపోతే నేను జవాబు చెప్పక్కర్లేదు.

"వెయ్యండి," అన్నాను.

తరువాతి ఆదివారం చూడటానికి వెళ్ళాను. పాత ఇంజను గొలుసులకి వేలాడుతోంది. ముందు భాగం బోలుగా ఉంది. వైరింగు చూసే మరియదాసు డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, కాళ్ళు బయటపెట్టి పనిచేస్తున్నాడు. అతన్ని నేనెప్పుడూ చూడలేదు; షఫీక్ ఈ పని కోసం ఒంగోలు నుంచి పిలిపించాడు.

"మీ బండి పుట్టుకే తలకిందులండీ మాస్టారూ," అన్నాడు లోపలినుంచి. "అప్పట్లో ప్లస్సు తెచ్చి బాడీకి ఇచ్చేవోళ్ళు. ఇప్పుడు బళ్ళన్నిటికీ మైనస్సే బాడీకి. ఒక్క పాత వైరు మిగిలినా కొత్త ఇంజను కంప్యూటరు కాలిపోయిద్ది. మొత్తం పీకేస్తున్నా."

"మా వోడికి కూడా పుట్టుకతోనే ప్లస్సు బాడీకిచ్చారండీ," అన్నాడు షఫీక్. "ఏం చెప్పినా తిరకాసుగా ఎక్కిద్ది."

"ఎక్కినకాడికి నీ షెడ్డులో లైట్లు వెలుగుతున్నాయిగా, అది చూడరా ముందు."

పాత వైర్ల కట్ట మొత్తం లాగి నేల మీద పరిచాడు. గుడ్డ చుట్టిన వైర్లు. చాలా చోట్ల ఎలుకలు కొరికాయి. మరియదాసు ఒక చోట పట్టుకుని పకపకా నవ్వాడు.

"ఇదేంటండీ? అతుక్కి టేపు బదులు లక్క ముద్రేశారు! రిజిస్టరు పార్శిల్లాగా!"

ఎర్రటి లక్క. దాని చుట్టూ పోస్టాఫీసు పురికొస. ఒకసారి వానలో దారిలో హెడ్‌లైటు ఆరిపోతే దుర్గ చేసుకున్న పని అది. ఇంటికొచ్చి చెప్పింది. నేను నమ్మలేదు.

"మా ఆవిడ," అన్నాను.

"మేడంగారు పోస్టాఫీసులో చేస్తారా అండీ?"

షఫీక్ చేతిలో స్పానరు ఆగింది. అతను కార్తీకంలో మా ఇంటికొచ్చి గేటు పక్కన చాలాసేపు నిలబడి వెళ్ళినవాడు. నా మొహం చూశాడు.

"ఆ," అన్నాను.

"మంచి బుర్రండీ. లక్క కరెంటుని ఆపిద్ది. ఈ బండిలో గట్టి అతుకు ఇదొక్కటే."

ఇంటికొచ్చేశాను. పాత ముక్క అడగలేదు.

ఆ వారంలో షఫీక్ ఫోను చేశాడు. ఇంజను కూర్చుంది, పొగ గొట్టం పని మిగిలింది, ఇంకేమన్నా చెప్పాలా అని. నేను స్టాఫ్‌రూములో ఉన్నాను. చుట్టూ మనుషులున్నారు. పాత చప్పుడు ఏ మాత్రం ఉండకూడదు అని చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతాడు. అడిగితే, గేటు దగ్గర జరిగేదంతా చెప్పాలి.

"షఫీక్‌గారూ, ఆ సౌండు సంగతి..." అన్నాను.

"చెప్పండి మాస్టారూ."

"ఆ సౌండు సంగతి కాస్త చూడండి."

 అతని గొంతు మారింది. "మీరు చెప్పాలా మాస్టారూ. నేను చూసుకుంటా."

ఫోను పెట్టేశాను. అర్థం చేసుకున్నాడు, పూర్తిగా చెప్పే పని తప్పింది అనుకున్నాను.

బండి తెచ్చుకోవడానికి వెళ్ళిన రోజు షెడ్డు ముందు కారు కడిగి పెట్టి ఉంది. బానెట్టు తీస్తే లోపల చిన్న శుభ్రమైన ఇంజను, చుట్టూ చాలా ఖాళీ. కొత్త వైర్లన్నీ నల్ల గొట్టంలోంచి తీసుకెళ్ళి క్లిప్పులు పెట్టాడు మరియదాసు. ఇద్దరూ పెళ్ళివారిలాగా చెరో పక్క నిలబడ్డారు.

"తిప్పండి," అన్నాడు షఫీక్.

తాళం తిప్పాను.

డబ్బాలో శనగలు. మెల్లగా ఊపుతున్నట్టు.

 వెంటనే ఆపేశాను.

"ఎట్టుంది?" షఫీక్ కిటికీలోకి వంగాడు. "ఇంజను కొత్తదే, గొట్టం పాతది. సైలెన్సరు డబ్బా విప్పి, లోపల పలకలకి వెల్డింగు పెట్టి, మళ్ళీ కట్టాం. అచ్చం అదే రాలేదనుకోండి, ముప్పాతిక వచ్చింది. మీరు ఫోనులో అన్నాక మూడుసార్లు విప్పి కట్టాడండీ వీడు. తిట్టుకుంటూనే కట్టాడు."

"ఒకసారే తిట్టా," అన్నాడు మరియదాసు. "రెండోసారి నుంచి నాకే సరదా పుట్టింది. మేడంగారు వింటే భలే ఆనందపడతారు. తీసుకురాలేదేంటండీ?"

"లేదండీ," అన్నాను.

"ఊరెళ్ళారా?"

అతని మొహంలో ఏ మతిమరుపూ లేదు. ఎండలో చెమట పట్టి, చేతులకి గ్రీజుతో, నిన్నటి సంగతులన్నీ గుర్తున్న మనిషి. నేను లేదంటే ఊరెళ్ళిందా అని అడిగాడు. ఎవరైనా అదే అడుగుతారు. ఇన్ని నెలలుగా అత్తయ్య కూడా నేనన్న మాటకి సరైన ప్రశ్నే అడుగుతోంది.

"చనిపోయింది," అన్నాను. "కార్తీకంలో చనిపోయింది."

పక్క షెడ్డులో సుత్తి కొడుతూనే ఉంది.  మరియదాసు చేతిగుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి, తుడుచుకుంటూనే ఉన్నాడు. కొంచెంసేపటికి "ఆ లక్క వైరు ముక్క నేను పారెయ్యలేదండీ. అక్కడ మేకుకి ఉంది," అన్నాడు.

షఫీక్ నన్నే చూస్తున్నాడు. "నేను తప్పుగా విన్నానా మాస్టారూ? సౌండు వద్దన్నారా మీరు?"

"మీరు సరిగానే విన్నారు. నేనే సరిగా చెప్పలేదు."

"అరగంట పని. డబ్బా తీసి కొత్త సైలెన్సరు పెడతా, పిల్లి నడిచినట్టు పోయిద్ది. తీసెయ్యమంటారా?"

 పిల్లి నడిచినట్టు పోయే కారులో ఇంటికి వెళితే ఏమవుతుందో తెలుసు. నేనే దిగి గేటు తీసుకుంటాను. ఇంట్లో అత్తయ్య లేవకుండా, అడగకుండా, పోస్టాఫీసు మూసే వేళ దాటిందేమిటా అని ఎదురుచూస్తూనే ఉంటుంది. నాకు వినపడదు, అంతే.

"వద్దు. ఉండనీయండి," అన్నాను.

మార్టూరు వచ్చేసరికి పడమటి ఎండ అద్దంలో పడుతోంది. కొత్త ఇంజను ఎక్కడా తడబడలేదు. మా వీధి మలుపు తిరిగేటప్పుడు కావాలని నెమ్మదిగా పోనిచ్చాను.

ఆమె అప్పటికే గేటు దగ్గరుంది. చెంగు చేతికి చుట్టుకుని గడియ లాగుతోంది. వెనకాల నసీమున్నీసా మెట్ల మీద నిలబడిపోయింది.

కారు లోపలికి తీసుకెళ్ళలేదు. గేటు ముందే ఆపి దిగాను.

"బండి బాగైందిరా! దుర్గేదీ?"

ఆమె చేతి మీద చెయ్యి వేశాను. ఇనుము వేడి చెంగులోంచి కూడా తెలుస్తోంది.

"అత్తయ్యా. దుర్గ చనిపోయింది."

ఆమె నా మొహంలోకి చూసింది. ఎవరైనా నన్ను చూసి చాలా రోజులైనట్టు అనిపించింది.

"కార్తీకంలో చనిపోయింది. గుంటూరు తీసుకెళుతుంటే దారిలో. నువ్వు కూడా చూశావు."

"నేను చూశానా?"

"చూశావు. పసుపు చీర నువ్వే తెచ్చి కప్పావు."

గేటు వదల్లేదు.  "అంచు ఆకుపచ్చది," అంది.

"అవును."

"మరి నువ్వు లేదు లేదంటావేంరా, వెధవా. రోజూ అన్నం పక్కన పెడుతున్నాను దానికి."

 నసీమున్నీసా వచ్చి ఆమె భుజం పట్టుకుంది. లోపలికి తీసుకెళ్ళింది. ఆ సాయంత్రమంతా ఇంట్లో ఏడుపు వినిపిస్తూ ఉంది, ఒకరిది కాదు. నేను కారు లోపల పెట్టి, గేటు వేసి, అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. కార్తీకంలో అందరికీ కుర్చీలు వేస్తూ, మంచినీళ్ళు ఇస్తూ తిరిగాను. ఈ సాయంత్రం ఏ పనీ లేదు.

గురువారం గుంటూరు డాక్టరు దగ్గర మళ్ళీ చోటు దొరికింది. పొద్దున్నే బయలుదేరాం. అత్తయ్యకి ఎంత గుర్తుందో, ఎంత లేదో నాకు తెలియదు. ఈ మధ్య రోజుల్లో ఒకసారి అడిగింది, మళ్ళీ చెప్పాను. రెండోసారి తేలికేమీ కాలేదు. అయినా మాట మార్చలేదు.

వెనక తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె ఎక్కలేదు. చేతికర్ర మీద ఆనుకుని ముందు సీటు వైపు చూస్తూ నిలబడింది.

"ముందుది తియ్యి. వెనక నాకు కుదుపు."

తలుపు తీశాను. రెండు చేతులతో పట్టి కూర్చోబెట్టాను. మందుల సంచి ఒళ్ళో పెట్టుకుంది. డాష్‌బోర్డు మీద, షెడ్డు నుంచి తెచ్చుకున్న లక్క వైరు ముక్క ఉంది. దాన్ని వేలితో తాకి, ఇదేమిటని అడగకుండా వదిలేసింది.

హైవే ఎక్కాం. పొలాల్లో కళ్ళాల మీద మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పత్తి తీసేసిన చేలల్లో కట్టె మిగిలింది. పేటలో పోస్టాఫీసు ముందు నుంచే పోనిచ్చాను. ఆమె అటు తిరిగి చూసింది. ఆపమనలేదు. కొత్త గేరుబాక్సు నాకింకా అలవాటు కాలేదు. ఎడ్లపాడు దాటాక ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గొంతు పెరిగింది. ఆమె తల కొద్దిగా వంచి వింది.

"ఇక్కడ," అంది. "దుర్గ ఇక్కడ గేరు మార్చేది."

నేను గేరు మార్చాను.